సంవత్సరం వేయని స్పార్క్లింగ్ వైన్: సీసా వయసు, తాజాదనం తెలుసుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: వేడుక కోసం స్పార్క్లింగ్ వైన్, అంటే బుడగలు పొంగే వైన్, కొనాలనుకుంటున్నారు. షాపులో నచ్చిన సీసా మీద సంవత్సరం లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు. అమ్మే ఆయన "ఫ్రెష్ స్టాకే" అంటున్నాడు. ఒక సీసా షెల్ఫ్‌లో లైటు కింద డిస్కౌంట్‌తో ఉంది, అదే రకం ఇంకొకటి అట్టపెట్టెలో ఉంది. ఏది తీసుకోవాలి, అసలు దాని వయసు ఎలా తెలుస్తుంది? వైన్ కొనడం, నిల్వ చేయడం, అమ్మడమే నా వృత్తి. ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అట్టపెట్టెలోది తీసుకోండి. కారణం కింద చెబుతాను. వయసు సంగతికొస్తే, చాలా సీసాల విషయంలో దాన్ని కనుక్కోవచ్చు. కాకపోతే వెతకాల్సింది ద్రాక్ష కోసిన సంవత్సరం కోసం కాదు. సీసాకు చివరి కార్కు ఎప్పుడు బిగించారు, ఆ తర్వాత అది ఎక్కడెక్కడ ఉంది, ఈ రెండూ తెలిస్తే చాలు.

ఎందుకంటే, సంవత్సరం వేయని వైన్‌లో సాధారణంగా ఒకే ఏటి ద్రాక్ష ఉండదు. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో తయారయ్యే షాంపేన్‌నే తీసుకోండి. ఒక ఏడాది పంటను ప్రధానంగా పెట్టుకుని, అంతకుముందు ఏళ్ల నుంచి దాచిన వైన్‌లను అందులో కలుపుతారు. రుచి ఏటేటా ఒకేలా రావాలన్నది ఉద్దేశం. ఆ మిశ్రమాన్ని చక్కెర, ఈస్ట్‌తో కలిపి సీసాల్లో నింపుతారు. సీసాలోనే రెండోసారి పులుస్తుంది, బుడగలు అక్కడే పుడతాయి. పని అయిపోయిన ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున చేరుతుంది. ఆ మడ్డి ఉన్నంత కాలం వైన్‌కు అది కాపలా కాస్తుంది. లోపలికి చొరబడే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, పైగా మెల్లగా కరుగుతూ కాల్చిన రొట్టె లాంటి వాసననూ, నిండుదనాన్నీ ఇస్తుంది. సంవత్సరం వేయని షాంపేన్ సీసాలో నింపాక కనీసం 15 నెలలు గడపాలి, అందులో కనీసం 12 నెలలు మడ్డి మీదే ఉండాలి. ఇది అక్కడి చట్టం. మంచి పేరున్న చాలా సంస్థలు రెండు మూడేళ్లు ఉంచుతాయి.

తర్వాత సీసాను తలకిందులుగా వాల్చి మడ్డిని మెడలోకి దింపుతారు. మెడను గడ్డకట్టించేంత చల్లటి ద్రవంలో ముంచి, మూత తీస్తే ఆ మంచు ముక్కతో పాటు మడ్డి బయటికి ఎగిరిపోతుంది. కొద్దిగా చక్కెర కలిపిన వైన్‌తో ఖాళీ నింపి, అసలు కార్కు బిగిస్తారు. దీన్ని డిస్గార్జ్‌మెంట్ అంటారు. ఆ రోజుతో కాపలా పోతుంది. అక్కడి నుంచి కార్కు గుండా కొంచెం కొంచెంగా ఆక్సిజన్ లోపలికి, కొంచెం కొంచెంగా గ్యాస్ బయటికి. ఒకే బ్యాచ్ వైన్‌లో సగం రెండేళ్ల తర్వాత, మిగతా సగం నాలుగేళ్ల తర్వాత డిస్గార్జ్ చేశారనుకోండి. ద్రాక్ష ఒకటే, వయసు ఒకటే. అయినా ఆలస్యంగా మడ్డి తీసిన సీసానే తాజాగా ఉంటుంది. అందుకే నేను సీసా చేతిలోకి తీసుకోగానే దాన్ని వెనక్కి తిప్పుతాను.

వెనక లేబుల్ చూసే ముందు, ముందు లేబుల్ మీద మోసపోయే అంకెల గురించి ఒక మాట. రుయినార్ సీసా మీద 1729 కనిపించవచ్చు, మోయె మీద 1743, వవ్ క్లికో మీద 1772. అవి ఆ సంస్థలు మొదలైన సంవత్సరాలు, వైన్‌తో సంబంధం లేదు. షాంపేన్ లేబుల్ అంచున ఎన్ఎం, ఆర్ఎం, సీఎం లాంటి రెండక్షరాల పక్కన కొన్ని అంకెలు ఉంటాయి. అది ఉత్పత్తిదారుడి నమోదు సంఖ్య. ఎన్ఎం అంటే ద్రాక్ష కొని వైన్ చేసే సంస్థ, ఆర్ఎం అంటే సొంత తోట ద్రాక్షతో చేసే రైతు, సీఎం అంటే సహకార సంఘం. వయసు గురించి అదేమీ చెప్పదు. అలాగే సీసా అడుగున గాజులో పోతపోసిన అంకెలు సీసా తయారుచేసిన కార్ఖానావి, వాటినీ వదిలేయండి.

ఇప్పుడు వెనక లేబుల్. అదృష్టం బాగుంటే డిస్గార్జ్‌మెంట్ తేదీ నేరుగా ఉంటుంది. ఫ్రెంచ్ సీసాల మీద 'డెగోర్జే' లేదా 'డెగోర్జ్‌మాఁ', ఇటాలియన్ వాటి మీద 'స్బొక్కతూరా', స్పానిష్ వాటి మీద 'దెగ్వేయే' అన్న మాటల పక్కన నెల, సంవత్సరం వెతకండి. బ్రూనో పాయార్ సంస్థ 1980ల నుంచే ఈ తేదీని వేస్తూ వస్తోంది. అప్పట్లో అలా చేసినవాళ్లు అరుదు. ఫిలిపొన్నా వెనక లేబుల్ మీద ప్రధాన పంట ఏ ఏటిది, మడ్డి ఎప్పుడు తీశారు, చక్కెర ఎంత వేశారు అన్నీ ఉంటాయి. షార్ల్ ఐడ్‌సిక్ సీసా మీద సెల్లార్‌లో పెట్టిన సంవత్సరం, డిస్గార్జ్ చేసిన సంవత్సరం రెండూ కనిపిస్తాయి. చిన్న రైతులు చేసే షాంపేన్‌లలో ఇది ఇప్పుడు మామూలైపోయింది. నన్నడిగితే, తేదీ వేసే ఉత్పత్తిదారుల సీసానే ముందు ఎంచుకోండి. కొనేవాడికి ఏది అవసరమో తెలిసి, దాన్ని దాచకుండా చెప్పే సంస్థ అది. అలాంటి చోట మన డబ్బు ఖర్చవడం న్యాయం.

కొన్ని సంస్థలు నేరుగా తేదీ కాకుండా అంకెల్లో చెబుతాయి. క్రూగ్ గ్రాండ్ క్యూవే సీసా వెనక ఆరంకెల ఐడీ ఉంటుంది. మొదటి అంకె ఏ త్రైమాసికమో, తర్వాతి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. 321తో మొదలైతే 2021 మూడో త్రైమాసికంలో, అంటే జులై, సెప్టెంబరు మధ్య ఆ కార్కు బిగించారన్నమాట. ఆ ఆరంకెలూ సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే ఆ సీసా పూర్తి జాతకం వస్తుంది. ముందు లేబుల్ మీద ఎడిషన్ సంఖ్య ఉంటుంది, దానికి 1844 కలిపితే ప్రధాన పంట సంవత్సరం తేలుతుంది. 171వ ఎడిషన్ అయితే 2015. జాక్సన్‌వాళ్ల 700 వరస సీసాలకూ ఇలాంటి లెక్కే. 728 అన్నది 2000 పంట, 745 అంటే 2017. లూయీ రోదెరర్ తన పాత బ్రూట్ ప్రీమియే స్థానంలో 2021 నుంచి 'కలెక్షన్' పేరుతో అంకె వేసి అమ్ముతోంది. 242లో 2017 పంట ప్రధానం, 243లో 2018, 244లో 2019. గుర్తుంచుకోవాల్సింది ఒకటే. క్రూగ్ ఐడీ తప్ప ఈ అంకెలు పంటను చెబుతాయి, కార్కు తేదీని కాదు. అయినా అదే పేరు మీద వచ్చే సీసాల్లో ఏది కొత్తది, ఏది పాతది అన్న విషయంలో అనుమానం ఉండదు.

రోదెరర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, పరోక్షంగా వయసు పట్టించే ఆనవాళ్లలో నాకు బాగా ఉపయోగపడేది కూడా అదే: మానేసిన పేర్లు, మారిన లేబుళ్లు. ఇవాళ ఏ షాపులోనైనా బ్రూట్ ప్రీమియే కనిపిస్తే, అది కొన్నేళ్లుగా ఎక్కడో ఒకచోట నిల్వ ఉన్నదే. దాని గురించి ఇంకెవరినీ అడగనక్కర్లేదు. ఏ బ్రాండ్ అయినా ఫోన్‌లో వాళ్ల వెబ్‌సైట్ తెరిచి, ఇప్పటి సీసా ఫొటోను చేతిలో ఉన్నదాంతో పోల్చండి. అక్షరాల తీరు, చిహ్నం, మెడ చుట్టూ ఉన్న రేకు రంగు తేడాగా ఉంటే అది పాత స్టాక్ అయ్యే అవకాశం ఎక్కువ. ఒక నిమిషం పని ఇది.

ఐరోపాలో అమ్మే సీసాలకు ఇంకో ఆనవాలు ఉంది. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్‌ల మీద పదార్థాల జాబితా, పోషక వివరాలు ఇవ్వడం యూరోపియన్ యూనియన్‌లో తప్పనిసరి అయింది. చాలామంది వాటిని క్యూఆర్ కోడ్‌లో పెట్టి, లేబుల్ మీద కిలోక్యాలరీల లెక్క మాత్రం వేస్తున్నారు. ఆ లెక్క కనిపిస్తే లేబుల్ ఈ మధ్య కాలంలో అంటించినదే అనుకోవచ్చు. లేనంత మాత్రాన పాతదని కాదు. ఆ తేదీకి ముందే తయారైన వైన్‌కు ఈ నిబంధన లేదు, వేరే దేశాలకు పంపే సీసాలకు లేబుల్ వేరుగా ఉండొచ్చు.

ఇవేవీ దొరక్కపోతే లాట్ కోడ్. లేబుల్ అంచునో, గాజు మీద అడుగుభాగాన లేజర్‌తో చెక్కినట్టో సన్నటి అక్షరాల వరస ఉంటుంది. సాధారణంగా ఎల్ అక్షరంతో మొదలవుతుంది. సీసాను వెలుతురుకు కాస్త ఏటవాలుగా పట్టుకుంటే గానీ కనపడదు. చాలా కోడ్‌లలో సంవత్సరం, ఆ సంవత్సరంలో ఎన్నో రోజు అన్నది దాగి ఉంటాయి. ఎల్ తర్వాత 23, దాని పక్కన 145 ఉంటే 2023లో 145వ రోజు, అంటే మే 25 అయి ఉండొచ్చు. అయి ఉండొచ్చు అని ఎందుకంటున్నానంటే, అందరిదీ ఒకే పద్ధతి కాదు. కొందరు సంవత్సరాన్ని ఒకే అంకెతో చెబుతారు, కొందరు అక్షరంతో. ఒకరి కోడ్ మడ్డి తీసిన రోజుది, ఇంకొకరిది లేబుల్ అంటించిన రోజుది. కాబట్టి ఒక్క సీసా కోడ్ చూసి తీర్పు చెప్పేయకండి. షెల్ఫ్ మీద అదే రకం సీసాలు నాలుగైదు ఉంటే అన్నిటి కోడ్‌లూ చూడండి. ఒకే తీరులో ఉండి అంకెలు తేడాగా ఉంటే వేర్వేరు దఫాల్లో వచ్చాయని అర్థం, సంవత్సరంలా కనిపించే అంకె ఎక్కువగా ఉన్నది తీసుకోండి. ఖరీదైన సీసా అయితే కోడ్ ఫొటో తీసి ఉత్పత్తిదారుడికే మెయిల్ పెట్టండి. చిన్న సంస్థలు ఓపిగ్గా జవాబిస్తాయి, ఒక్కోసారి ఆ వైన్‌లో ఏం కలిపారో కూడా రాసి పంపిస్తాయి.

వయసు సంగతి ఇంతవరకూ. కానీ నా అనుభవంలో వయసు వల్ల పాడైన సీసాల కంటే ఉంచిన చోటు వల్ల పాడైనవే ఎక్కువ. ముఖ్యంగా వెలుతురు.

వైన్‌లో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్, వెలుతురులోని నీలి, అతినీల కిరణాలను పీల్చుకుని మెథియొనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొడుతుంది. దాన్నుంచి గంధకం ఉన్న పదార్థాలు పుడతాయి. ఉడికిన క్యాబేజీ, తడిసిన ఉన్ని లాంటి వాసన వస్తుంది. పండ్ల వాసన, పూల వాసన అణిగిపోతాయి. స్పార్క్లింగ్ వైన్ సున్నితమైనది, పైగా ఆ బుడగలు ఏ వాసననైనా మోసుకొచ్చి ముక్కుకు అందిస్తాయి కాబట్టి ఈ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. దీనికి ఏళ్లు పట్టదు. తెల్ల గాజు సీసా ట్యూబ్‌లైటుకు దగ్గరగా కొన్ని రోజులున్నా చాలు. ముదురు ఆకుపచ్చ గాజు చాలావరకు ఆపుతుంది కానీ పూర్తిగా కాదు, గోధుమ రంగు గాజు అంతకంటే నయం. రోదెరర్‌వాళ్ల క్రిస్టల్ సీసాను పసుపు రంగు పారదర్శక కాగితంలో చుట్టి అమ్మేది అందుకే. అలంకారం కోసమని దాన్ని విప్పి పెట్టిన షాపులో నేనైతే ఆ సీసా కొనను. రోజే, అంటే గులాబీ రంగు వైన్, రంగు కనిపించాలని తెల్ల గాజులో పోసే రకాలకూ ఇదే ప్రమాదం.

మీ రెండు సీసాల ప్రశ్నకు జవాబు ఇదే. డిస్కౌంట్ ఎంతైనా, లైటు కింద నిలబడిన సీసా ఎన్నాళ్లు నిలబడిందో తెలియదు. అట్టపెట్టెలోది చీకట్లో ఉంది. షోకేస్‌లోది, కిటికీ పక్కది, పై అరలో దీపానికి ఆనుకుని ఉన్నది వద్దని, పెట్టెలోంచి ఇవ్వమని అడగడానికి మొహమాటపడకండి. వైన్ తెలిసిన ఏ షాపువాడైనా ఆ మాట విని నొచ్చుకోడు. లైటు వెలిగే అద్దాల ఫ్రిజ్‌లో ఉన్నది చల్లగా ఉంది కదా అని మురిసిపోవద్దు, ఆ వెలుతురూ వెలుతురే.

వేడి ఇంకో శత్రువు. వెలుతురు లాగా వాసనలో వెంటనే బయటపడదు గానీ, వయసును పరుగెత్తిస్తుంది. సీసాలో పీడనం ఐదారు వాతావరణాలు ఉంటుంది, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. కార్కు సడలుతుంది, గ్యాస్ జారుకుంటుంది. బయటి నుంచి పసిగట్టాలంటే రెండు చోట్ల చూడండి. సీసాను నిటారుగా పట్టుకుని, రేకు కింద వైన్ మట్టం పక్క సీసాలతో సమానంగా ఉందా? రేకు అంచున జిగురుగా గానీ, తుప్పు మరకలా గానీ ఉందా? మట్టం తగ్గినా, జిగురు తగిలినా అది కారిన సీసా, పక్కన పెట్టేయండి. లేబుల్ ఒకవైపు మాత్రమే వెలిసిపోయి ఉంటే అటువైపు ఎండ తగిలిందని అర్థం. సీసా మీద దుమ్ముకు మాత్రం భయపడనక్కర్లేదు. చల్లటి చీకటి గోడౌన్‌లోనూ దుమ్ము పడుతుంది. తళతళలాడే సీసా వెలుగులో ఏడాది గడిపి ఉండొచ్చు.

గాజు మరీ ముదురు కాకపోతే రంగు కూడా చూడొచ్చు. పక్కపక్కన రెండు సీసాలు పెట్టి వెనక తెల్ల కాగితం పట్టుకోండి. తాజా వైన్ లేత గడ్డి రంగులో ఉంటుంది. ముదిరేకొద్దీ బంగారు రంగు, ఆపైన తేనె రంగు, అక్కణ్నుంచి గోధుమ రంగు. రోజే అయితే గులాబీ ఛాయ తగ్గి ఉల్లిపొర రంగులోకి, నారింజలోకి తిరుగుతుంది. కొన్ని రోజేలు మొదటి నుంచీ ఉల్లిపొర రంగులోనే ఉంటాయి, అందుకే ఒక్కదాన్ని చూసి కాకుండా అదే రకం పక్క సీసాతో పోల్చాలి.

ఇక ఎంత వయసు ఎక్కువ అన్న ప్రశ్న. ఇది వైన్ రకాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది, అన్నిటికీ ఒకే కొలత పెడితే తప్పు చేస్తాం. ఇటలీ వైన్ ప్రొసెక్కోలో రెండో పులియబెట్టడం సీసాలో కాదు, పెద్ద ట్యాంకులో జరుగుతుంది. మడ్డి మీద ఎక్కువ కాలం గడపదు. పియర్, పచ్చి ఆపిల్, తెల్ల పూల వాసనే దాని సొగసు. అది ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో వాడిపోతుంది. దాచి పెడితే బాగుపడే గుణం దానిలో లేదు. అక్కడిదే, తియ్యటి మొస్కాతో దాస్తీ అయితే ఇంకా తొందరగా తాగేయాలి. ఈ రెండూ కొనేటప్పుడు అన్నిటికంటే కొత్త సీసా కావాలని పట్టుబట్టండి.

సీసాలోనే పులిసే స్పెయిన్ వైన్ కావాకు కనీసం 9 నెలలు మడ్డి మీద ఉండాలన్న నియమం ఉంది, ఫ్రాన్స్‌లో షాంపేన్ బయటి ప్రాంతాల్లో చేసే క్రెమాఁకీ అంతే. ఇటలీలోని ఫ్రాంచకోర్తాకు 18 నెలలు. మామూలు కావా, క్రెమాఁ డిస్గార్జ్ చేశాక ఏడాదిన్నర, రెండేళ్ల లోపు తాగడం మంచిదని నా అభిప్రాయం. కావాలో గ్రాన్ రెసెర్వా అని ఉంటే అది కనీసం 30 నెలలు మడ్డి మీద ఉన్నది, ఇంకాస్త ఓపిక పడుతుంది. సంవత్సరం వేయని మంచి షాంపేన్‌ను డిస్గార్జ్ అయిన ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా నేను నిశ్చింతగా కొంటాను. నాలుగైదేళ్లు దాటితే ఎవరు చేశారో, ఎక్కడ ఉంచారో తెలిస్తే తప్ప వేడుకకు సిఫారసు చేయను. చక్కెర అసలు వేయని బ్రూట్ నేచర్ రకాల్లో వయసు ఇంకా బట్టబయలుగా కనిపిస్తుంది, కాబట్టి వాటి తేదీ ఇంకొంచెం నిక్కచ్చిగా చూస్తాను.

సీసా సైజు కూడా లెక్కలోకి వస్తుంది. సగం సీసాలో వైన్ సగమే, కార్కు దాదాపు అంతే. లోపలికి వచ్చే ఆక్సిజన్ వాటా రెట్టింపవుతుంది కాబట్టి తొందరగా ముదురుతుంది. పైగా సగం సీసాలు షాపుల్లో నెమ్మదిగా అమ్ముడవుతాయి. తేదీ తెలియకపోతే వాటి జోలికి పోకండి. లీటరున్నర పట్టే మాగ్నం దీనికి సరిగ్గా తిరగేసిన కథ. నలుగురూ కూర్చునే సందర్భమైతే రెండు మామూలు సీసాల కంటే ఒక మాగ్నం మేలంటాను.

ఒక అపోహ కూడా తీర్చాలి. పాతదంటే పాడైనదని కాదు. చల్లగా, చీకట్లో ఉన్న షాంపేన్ మడ్డి తీశాక రెండు మూడేళ్లకు కాల్చిన రొట్టె, తేనె, బాదం వాసనలు తెచ్చుకుంటుంది. చక్కెరా, అమైనో ఆమ్లాలూ కలిసి నెమ్మదిగా చేసే పని అది. బుడగలు కాస్త మెత్తబడతాయి. ఆ రుచి ప్రాణంగా ఇష్టపడేవాళ్లున్నారు, నాకూ ఇష్టమే. మరోవైపు, మడ్డి తీసి నెల కూడా కాని సీసా ముక్కుకూ నాలుకకూ కలవకుండా, పులుపు ఒకవైపు తీపి ఒకవైపు లాగుతున్నట్టు ఉంటుంది. దానికి కొన్ని నెలల విశ్రాంతి కావాలి. కాబట్టి మరీ కొత్తదే కావాలన్న టెన్షన్ పెట్టుకోకండి. మీకు పచ్చి ఆపిల్, నిమ్మ లాంటి చురుకుదనం ఇష్టమా, రొట్టె, బాదం లాంటి నిండుదనం ఇష్టమా అన్నది తేల్చుకుంటే ఎంత వయసున్న సీసా కావాలో తెలిసిపోతుంది. వేడుకకు పదిమంది వస్తారంటే మాత్రం చురుకైనదే పెట్టండి, అది అందరికీ నచ్చుతుంది.

షాపువాణ్ని "ఫ్రెష్‌గా ఉందా" అని అడగకండి, ఉందనే అంటాడు. "ఈ లోడు ఎప్పుడొచ్చింది, పెట్టె ఇంకా ఉందా, ఈ రకం నెలకు ఎన్ని పోతాయి" అని అడగండి. ఎక్కువగా అమ్ముడయ్యే మామూలు బ్రాండ్ సీసా, ఎవరూ ముట్టుకోని అరుదైన సీసా కంటే తాజాగా ఉండే అవకాశం ఎక్కువ. పండగలు, కొత్త సంవత్సరం ముందు స్టాక్ వేగంగా మారుతుంది, ఆ రోజుల్లో వచ్చేది కొత్త సరుకు. అవి ముగిశాక మిగిలినవి తగ్గింపు ధరకు పెడితే తప్పులేదు, కోడ్ చూసి కొనుక్కోవచ్చు. కారణం చెప్పకుండా భారీగా తగ్గించిన ఒంటరి సీసా అయితే వదిలేయండి. ఎక్కువ సీసాలు కావాలంటే ముందు ఒకటి కొని, తాగి చూసి, బాగుంటే అదే లాట్ కోడ్ ఉన్నవి మిగతావి తెచ్చుకోండి. లాట్ మారితే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది.

ఆ మొదటి సీసా తెరిచేటప్పుడు కార్కును పారేయకండి, అది మాట్లాడుతుంది. బిగించక ముందు దాని వ్యాసం సుమారు 30 మిల్లీమీటర్లు, దాన్ని నొక్కి 18 మిల్లీమీటర్ల లోపు మెడలోకి తోస్తారు. కొత్త కార్కుకు ఇంకా సాగే గుణం ఉంటుంది కాబట్టి బయటికి రాగానే అడుగుభాగం గౌను అంచులా విచ్చుకుంటుంది. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి మెడలో ఉన్న కార్కు విచ్చుకోదు. మేకులా నిటారుగా, గట్టిగా, మెడ ఎంత సన్నమో అంతే సన్నంగా ఉండిపోతుంది. తీసేటప్పుడే తేడా తెలుస్తుంది. కొత్తది చేతిని నెట్టుకుంటూ వస్తుంది, పాతది మెలిపెడితే ఊరికే తిరుగుతుంది, ఒక్కోసారి నిట్టూర్పు పాటి చప్పుడు కూడా చేయదు. కార్కు పక్కన కోడో, సంవత్సరమో ముద్రించి ఉంటే అదీ రాసుకోండి. వైన్‌కు తగిలే వైపు సహజమైన బెరడు పలకలు అతికించిన కార్కులకు ఈ లెక్క బాగా వర్తిస్తుంది. పొడి చేసి అచ్చు పోసిన డయామ్ రకం కార్కులు వేరుగా ప్రవర్తిస్తాయి, వాటి ఆకారం మీద ఆధారపడొద్దు.

తర్వాత గ్లాసు. ఎనిమిది, పది డిగ్రీల దగ్గర పోయండి. మరీ చల్లగా ఉంటే ఏ లోపమూ బయటపడదు. బుడగలు తక్కువగా ఉన్నాయని వైన్‌ను తిట్టే ముందు గ్లాసును అనుమానించండి. సబ్బు జాడ ఉంటే ఎంత తాజా వైనైనా చప్పగా కనిపిస్తుంది. ఉత్త వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గ్లాసులో మళ్లీ పోసి చూడండి. నాలుక మీద చురుక్కుమంటుంటే గ్యాస్ ఉన్నట్టే. కమిలిన ఆపిల్, పాతబడ్డ అక్రోటు వాసన వచ్చి, రంగు ముదిరి, బుడగలు చప్పబడి ఉంటే ఆక్సిజన్ తిన్న సీసా. ఉడికిన క్యాబేజీ వాసన అయితే వెలుతురు దెబ్బ. నానిన అట్టముక్క, బూజు పట్టిన నేల వాసన వస్తే అది కార్కు దోషం, దానికీ వయసుకీ సంబంధం లేదు, నిన్న బిగించిన సీసాకైనా రావొచ్చు.

మూడింటిలో ఏదైనా సరే, గ్లాసులో పోసిన కొద్దిపాటి వైన్ తప్ప మిగతాది సీసాలోనే ఉంచండి. స్పార్క్లింగ్ వైన్‌కు వాడే క్లిప్పు మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే కార్కుతో, బిల్లుతో సహా షాపుకు తీసుకెళ్లండి. సగానికి పైగా ఖాళీ అయిన సీసాను ఎవరూ వెనక్కి తీసుకోరు. ఏం తేడా అనిపించిందో మామూలు మాటల్లో చెప్పండి, కోడ్ చూపించి అదే లాట్‌లోని ఇంకో సీసా కాకుండా వేరే లాట్‌ది ఇవ్వమని అడగండి.